ప్రపంచ వసూళ్లు సరే, ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

సంపాదకులు గారికి,
నమస్కారం.

భారీ ఖర్చుతో తీసిన ఫాంటసీ సినిమా విడుదలైన ప్రతిసారీ సినిమా పేజీల్లో ఒకే రకం శీర్షిక కనిపిస్తుంది: ‘ప్రపంచవ్యాప్తంగా ఇన్ని వందల కోట్లు’. పక్కనే బడ్జెట్ అంకె ఉంటుంది. మొదటిది రెండోదాన్ని దాటితే హిట్టు, రెట్టింపైతే బ్లాక్‌బస్టరు. గ్రాస్‌కీ (టికెట్ల మీద వచ్చిన మొత్తం) షేర్‌కీ (థియేటర్ వాటా వగైరా పోగా మిగిలేది) తేడా ఇవాళ మన దగ్గర కాలేజీ కుర్రాళ్లకు కూడా తెలుసు కాబట్టి దాని గురించి ఈ ఉత్తరం రాయక్కర్లేదు. విదేశీ వసూళ్ల దగ్గరికి వచ్చేసరికి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ దేశంలో సినిమా హక్కులు ఎవరివి? నిర్మాత సొంతంగా విడుదల చేశాడా, కమీషన్ మీద ఇచ్చాడా, ఎమ్‌జీ (కనీస హామీ మొత్తం) తీసుకుని అమ్మేశాడా, అవుట్‌రేట్‌కి (ఒకే మొత్తానికి పూర్తిగా) రాసిచ్చేశాడా? ఇది తెలియకుండా ప్రపంచ వసూళ్ల అంకె ఎంత పెద్ద అక్షరాల్లో వేసినా నిర్మాతకు లాభమో నష్టమో చెప్పలేం.

దీనికి ‘ది గోల్డెన్ కంపాస్’ను మించిన ఉదాహరణ దొరకదు. 2007 డిసెంబరులో విడుదలైన ఆ సినిమాకు న్యూలైన్ అనే హాలీవుడ్ సంస్థ పెట్టిన ఖర్చు 18 కోట్ల డాలర్లు. అమెరికా, కెనడా కలిపి తొలి వారాంతంలో 2.58 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ బడ్జెట్‌కు అది చాలా తక్కువ. మరుసటి వారం రెండు పెద్ద సినిమాలు ఎదురొచ్చేసరికి వసూళ్లు సగానికి పైగా పడిపోయాయి. మొత్తం రన్‌లో అక్కడ తేలింది 7 కోట్ల డాలర్లు. మిగతా ప్రపంచంలో మాత్రం 30.2 కోట్ల డాలర్లు! అమెరికాలో 10 కోట్లు కూడా చేయలేని సినిమా బయట 30 కోట్లు దాటడం అదే మొదటిసారి. ఒక్క బ్రిటన్‌లోనే 5 కోట్ల డాలర్ల పైన వచ్చింది. అమెరికా, బయటి దేశాలు కలిపితే 37.2 కోట్లు, అంటే బడ్జెట్‌కు రెట్టింపు దాటింది. మన శీర్షికల లెక్కన బ్లాక్‌బస్టరే.

జరిగింది వేరు. 2008 ఫిబ్రవరి 24న ఆ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. నాలుగు రోజులకు, 28న, న్యూలైన్‌ను వార్నర్ బ్రదర్స్‌లో కలిపేస్తున్నట్టు మాతృసంస్థ టైమ్ వార్నర్ ప్రకటించింది. 1967లో సంస్థను పెట్టిన రాబర్ట్ షే బయటికి నడవాల్సి వచ్చింది. మొత్తం నేరం ఈ ఒక్క సినిమాదే అనడం అతిశయోక్తి, కానీ చివరి దెబ్బల్లో ఇదొకటని అప్పట్లో అందరూ రాశారు. తర్వాతి భాగాలూ ఆగిపోయాయి. తీయకముందే విదేశీ హక్కులను దేశాలవారీగా అమ్మేసి ఆ ఒప్పందాల మీద డబ్బు సమకూర్చుకున్నారు కాబట్టి బయట వచ్చిన 30 కోట్ల మీద న్యూలైన్‌కు పట్టు లేదు. బ్రిటన్‌లో ఎంటర్‌టైన్‌మెంట్, ఫ్రాన్స్‌లో మెట్రోపాలిటన్, ఆస్ట్రేలియాలో రోడ్‌షో... ఎక్కడి సంబరం అక్కడి బయ్యర్‌దే.

ముందే అమ్ముకోవడం తెలివితక్కువ పనేమీ కాదు. 2001 నుంచి 2003 వరకు మూడు భాగాలుగా విడుదలైన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను అదే సంస్థ తీసింది కూడా విదేశీ బయ్యర్లకు ముందుగా అమ్మిన ధైర్యంతోనే. పద్ధతి ఇలా ఉంటుంది. బయ్యర్ ఒక కనీస మొత్తానికి ఒప్పుకుని సంతకం రోజున అందులో 10 నుంచి 20 శాతం కడతాడు. మిగతాది సినిమా డెలివరీ అందాక. ఆ ఒప్పందాల కట్ట పట్టుకుని నిర్మాత బ్యాంకుకు వెళ్తాడు. బ్యాంకు సినిమా కథ చూడదు, కొనేవాడి పరపతి చూస్తుంది. దానికి తగ్గట్టు కొంత కోసుకుని అప్పు ఇస్తుంది. సినిమా అనుకున్న ఖర్చులో, అనుకున్న తేదీకి పూర్తవుతుందని కంప్లీషన్ బాండ్ ఇచ్చే సంస్థ ఒకటి మధ్యలో పూచీ ఉంటుంది. సినిమా ఆడకపోతే నష్టం బయ్యర్లందరి మీదా చెదిరిపోతుంది. ఆడితే లాభం కూడా అలాగే చెదిరిపోతుంది, చిక్కంతా అక్కడే.

ఎమ్‌జీ అంటే మొత్తం తెగనమ్మడం కాదు కదా, పైన వచ్చినదాంట్లో వాటా ఉంటుంది కదా అనవచ్చు. ఉంటుంది, కాగితం మీద. ఆ మెట్లు ఎలా ఉంటాయో చూడండి. టికెట్ డబ్బులోంచి ముందు పన్ను పోతుంది. బ్రిటన్‌లో టికెట్ ధరలోనే వ్యాట్ కలిసి ఉంటుంది, 2007లో 17.5 శాతం, ఇప్పుడు 20. తర్వాత థియేటర్ వాటా. మిగిలి బయ్యర్ చేతికి వచ్చినదాంట్లోంచి మొదట అతని పంపిణీ కమీషన్, సాధారణంగా 25 నుంచి 35 శాతం. ఆ తర్వాత ప్రింట్లు, డబ్బింగ్, పబ్లిసిటీ ఖర్చులు. ఆ తర్వాత అతను ముందే కట్టిన ఎమ్‌జీ. ఇవన్నీ తీరాక మిగిలితేనే నిర్మాతతో పంపకం. పబ్లిసిటీ ఖర్చుకు ఒప్పందంలో గరిష్ఠ పరిమితి రాసుకోకపోతే ఈ మెట్ల మీద నీళ్లు చివరిదాకా దిగవు. ఇంకో మెలిక, ఒకే బయ్యర్‌కు రెండు మూడు దేశాలు కట్టబెట్టి వాటి లెక్కలన్నీ కలిపేయడం. ఒక దేశంలో వచ్చిన లాభం పక్క దేశం నష్టంలో కొట్టుకుపోతుంది, నిర్మాతకు సున్నా. ప్రతి దేశానికీ లెక్క విడిగా తేలాలని రాయించుకోవడం ఒక్క వాక్యం పని. ఆ వాక్యం లేక కోట్లు పోగొట్టుకున్న వాళ్లు ఈ వ్యాపారంలో చాలామంది ఉన్నారు.

ఇక్కడ న్యూలైన్‌ను నిందించేవాళ్లు ఒక లెక్క వేయడం మరిచిపోతారు. హక్కులన్నీ దగ్గరే ఉంచుకుని ఉంటే గట్టెక్కేవాళ్లా? బయట వచ్చిన 30.2 కోట్లలో పంపిణీదారు చేతికి వచ్చేది సుమారు 40 శాతం అనుకుందాం, 12 కోట్లు. అమెరికా 7 కోట్లలో సగం, మూడున్నర. కలిపితే 15.5 కోట్లు. ఖర్చు 18 కోట్లు, పబ్లిసిటీ అదనం. థియేటర్ల డబ్బుతో మాత్రమే చూస్తే అప్పుడు కూడా నష్టమే. డీవీడీలు బాగా అమ్ముడయ్యే కాలం కాబట్టి అక్కడ కొంత పూడేది. అంచేత ‘అమ్ముకుని చెడ్డారు’ అన్న ప్రచారం సగమే నిజం. బడ్జెట్‌కు రెట్టింపు వసూలు చేసిన సినిమా కూడా థియేటర్లలో పెట్టుబడి తిప్పలేకపోవడం ఈ వ్యాపారంలో మామూలు సంగతి, శీర్షికలు రాసేవాళ్లకే వింత.

మారకం రేటు సంగతి కూడా చెప్పాలి. 2007 డిసెంబరులో పౌండు విలువ సుమారు 2 డాలర్లు. యూరో ఒకటిన్నర డాలర్లకు కాస్త తక్కువ. డాలర్ అంత బలహీనంగా ఉన్న రోజుల్లో విదేశీ వసూళ్లు డాలర్లలో ఉబ్బి కనిపిస్తాయి. బ్రిటన్‌లో వచ్చిన 5.3 కోట్ల డాలర్లు అప్పటి రేటులో దాదాపు 2.65 కోట్ల పౌండ్లు. అవే పౌండ్లను 2016 డిసెంబరు రేటున, అంటే సుమారు 1.25 చొప్పున మారిస్తే 3.3 కోట్ల డాలర్లే అవుతాయి. చూసిన జనం అంతే, కొన్న టికెట్లు అంతే, అంకె మాత్రం మూడో వంతు పైగా తరిగింది. ఇక ఎమ్‌జీని డాలర్లలో రాసుకుని ఉంటే, బలహీనపడిన డాలర్ వల్ల కలిసొచ్చింది కూడా విదేశీ బయ్యర్‌కే. తన పౌండ్లు తక్కువ పెట్టి బాకీ తీర్చేస్తాడు.

రూపాయల్లోకి మార్చేటప్పుడు మన పత్రికలు చేసే పని ఇంకా ఘోరం. 2007 చివర్లో డాలర్ 39 రూపాయల చిల్లర. ఆ రేటున 37.2 కోట్ల డాలర్లు దాదాపు 1,470 కోట్ల రూపాయలు. అదే అంకెను 85 రూపాయల చొప్పున మారిస్తే 3,160 కోట్లు దాటుతుంది. పాత సినిమా వసూళ్లను నేటి రేటున మార్చి, నేటి మన సినిమాతో పక్కపక్కన పట్టికలో పెడితే ఆ పట్టికకు విలువేముంది?

‘గోల్డెన్ కంపాస్’ పాత ముచ్చట అనుకుంటే 2016 నాటి ‘వార్‌క్రాఫ్ట్’ను చూడండి. బడ్జెట్ 16 కోట్ల డాలర్లు. ప్రపంచ వసూళ్లు 43.9 కోట్లు. అందులో అమెరికా వాటా 4.7 కోట్లు మాత్రమే, చైనా ఒక్కటే 22 కోట్లు. వినడానికి ఘనంగా ఉంది. కానీ చైనాలో వసూళ్లు పంచుకునే పద్ధతిలో దిగుమతి అయ్యే సినిమాకు విదేశీ స్టూడియో వాటా 25 శాతం. 2012లో అమెరికాతో కుదిరిన ఒప్పందంతో వచ్చిన రేటు అది. అప్పట్లో ఏడాదికి అలాంటి సినిమాల కోటా 34. మిగతావి అవుట్‌రేట్‌కి వెళ్తాయి, అక్కడ ఎంత ఆడినా అమ్మినవాడికి పైసా అదనంగా రాదు. ఇప్పుడు లెక్క వేయండి. చైనా 22 కోట్లలో పాతిక శాతం అయిదున్నర కోట్లు. అమెరికాలో సగం చొప్పున 2.4. మిగిలిన 17 కోట్ల చిల్లరలో 40 శాతం, ఇంచుమించు 7 కోట్లు. మొత్తం 15 కోట్ల లోపు. పబ్లిసిటీ లెక్కలోకి రాకముందే బడ్జెట్ పూడలేదు. (ఆ సినిమా తీసిన లెజెండరీ సంస్థను అదే ఏడాది జనవరిలో చైనా వాండా గ్రూపు కొనేసింది, వాండాకు అప్పట్లో అక్కడ థియేటర్ల గొలుసు ఉండేది. కాబట్టి స్టూడియోకు దక్కనిదాంట్లో కొంత యజమాని రెండో జేబులో పడిందనుకోవాలి.) ఇంకో సంగతి, 2017 నుంచి చైనా అధికారిక వసూళ్లలో ఆన్‌లైన్ టికెట్ల మీద వేసే సేవా రుసుమును కూడా కలుపుతున్నారు. అంతకుముందు సంవత్సరాల అంకెలతో సూటిగా పోల్చకూడదు.

హక్కులన్నీ సొంతంగా ఉంచుకుంటే ఏమవుతుందో 2012లో డిస్నీ ‘జాన్ కార్టర్’ చూపించింది. అన్ని దేశాల్లో కలిపి 28.4 కోట్ల డాలర్లు వచ్చాయి, అమెరికాలో 7.3 కోట్లే. మార్చి 9న విడుదలైతే, పది రోజులకే 20 కోట్ల డాలర్ల నష్టం రాబోతోందని సంస్థ తనంతట తాను ప్రకటించింది. పంచుకోవడానికి బయ్యర్ ఎవరూ లేడు మరి.

మన సినిమాల సంగతికి వస్తాను. తెలుగు సినిమాకు ఓవర్సీస్ అంటే ప్రధానంగా ఉత్తర అమెరికా. ఎక్కువ సినిమాలు ఎమ్‌జీ మీదో, అడ్వాన్స్ మీదో అక్కడి పంపిణీదారుకు వెళ్తాయి. ఒక లెక్క ఊహించుకుందాం. బయ్యర్ 40 లక్షల డాలర్ల ఎమ్‌జీకి కొన్నాడు. డీసీపీలు (డిజిటల్ ప్రింట్లు), స్క్రీన్‌కు స్క్రీన్‌కు కేడీఎంలు (ఆ ప్రింట్లను తెరిచే డిజిటల్ తాళంచెవులు), ప్రచారం కలిపి మరో 4 లక్షలు. థియేటర్ వాటా పోగా గ్రాస్‌లో సగం అతనికి మిగులుతుందనుకుంటే, పెట్టిన 44 లక్షలు తిరిగి రావడానికి 88 లక్షల డాలర్ల గ్రాస్ కావాలి. సినిమా 80 లక్షల దగ్గర ఆగింది. మన పేజీల్లో ‘అమెరికాలో 8 మిలియన్ క్లబ్’ అని వార్త వస్తుంది. బయ్యర్‌కు వచ్చింది 40 లక్షలు, అందులో ఖర్చు తీస్తే 36. ఎమ్‌జీలో 4 లక్షల డాలర్లు తగ్గింది, 85 రూపాయల చొప్పున 3.4 కోట్ల రూపాయల నష్టం. అదే రోజు నిర్మాత పోస్టర్ మీద ఆ 80 లక్షలు తన వసూళ్లుగా వేసుకుంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఒకే అంకెను ఒకరు సంబరంగా, ఇంకొకరు దిగులుగా చూస్తున్నారు. వార్తలో మాత్రం సంబరమే వస్తోంది.

ప్రీమియర్ల లెక్క వేరు. ముందురోజు సాయంత్రం షోలకు టికెట్ ధర మామూలు కన్నా బాగా ఎక్కువ పెడతారు కాబట్టి తొలిరోజు గ్రాస్ చూసి మొత్తం రన్‌ను అంచనా వేస్తే తప్పుతుంది. ఫాంటసీ సినిమాకు ఇది ఇంకా తప్పు. ఆ సినిమాను నిలబెట్టేది పిల్లలతో వచ్చే కుటుంబాలు. వాళ్లు శని, ఆదివారాల మ్యాటినీలకు, అందులోనూ తక్కువ ధరకు వచ్చే పిల్లల టికెట్లతో వస్తారు. అలాంటి సినిమాలో సోమవారం నుంచి గురువారం వరకు ఎంత పడిందన్న దానికన్నా, రెండో శనివారం మొదటి శనివారంలో ఎంత శాతం నిలబడిందో చూడాలి.

విదేశాల్లో ఫాంటసీకి వచ్చే సాంకేతిక చిక్కుల గురించి మన పేజీల్లో దాదాపు ఎవరూ రాయరు. గ్రాఫిక్స్ షాట్లు చివరి వారం దాకా మారుతూనే ఉంటాయి. డబ్బింగ్ అంతకు ముందే, పాత ఎడిట్ మీద అయిపోయి ఉంటుంది. చివర్లో ఒక సీన్‌లో నలభై ఫ్రేములు కోస్తే, అక్కడి నుంచి రీలు చివరిదాకా అయిదు భాషల్లో పెదవులకు మాట తప్పుతుంది. సంభాషణలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉండే ట్రాక్‌ను విదేశీ బయ్యర్‌కు విడిగా ఇవ్వాలి. షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసిన సీన్లలో అడుగుల చప్పుడు, బట్టల రాపిడి మాటలతో కలిసిపోయి ఉంటాయి. మాటలు తీసేస్తే అవీ పోతాయి. వాటిని మళ్లీ స్టూడియోలో చేయించకపోతే ల్యాబ్ నాణ్యత పరీక్షలో ట్రాక్ తిరస్కరిస్తారు. డెలివరీ పూర్తి కానట్టే కాబట్టి మిగిలిన 80 నుంచి 90 శాతం డబ్బు ఆగుతుంది. తెర మీద అక్షరాలు లేని షాట్లు, సంభాషణల జాబితా, కథ హక్కుల పత్రాలు ఇలా ఏది లోపించినా అంతే. సినిమా మీద టాక్ తగ్గిన రోజున బయ్యర్ వెతికేది కూడా ఈ లోపాలనే. ఇక సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ ఆలస్యమైతే అమెరికాలో ప్రీమియర్ షోలు రద్దు, టికెట్ల డబ్బు వాపసు. ఆ రాత్రి పోయిన గ్రాస్ తర్వాత రాదు, ఎందుకంటే మర్నాటి టికెట్ ధర వేరు.

కొత్త మార్కెట్లంటే జపాన్ కూడా ఇప్పుడు మనదే అన్నట్టు రాస్తున్నారు. ‘బాహుబలి’ రెండో భాగం 2017 డిసెంబరు చివర్లో అక్కడ విడుదలై, జనం అరుస్తూ చూసే ప్రత్యేక ప్రదర్శనలతో నెలల తరబడి ఆడింది. తర్వాత 2022 అక్టోబరులో వెళ్లిన ‘ఆర్ఆర్ఆర్’ 200 కోట్ల యెన్‌లు దాటి, అక్కడ ‘ముత్తు’ పేరిట రెండు దశాబ్దాలకు పైగా ఉన్న రికార్డును తుడిచేసింది. గర్వపడాల్సిందే. కానీ అక్కడా విడుదల చేసింది స్థానిక పంపిణీ సంస్థ. మనకు వచ్చింది ఒప్పందంలో రాసుకున్న మేరకే. ‘200 కోట్లు’ అని రాసి పక్కన ‘యెన్‌లు’ అన్న మాటను చిన్న అక్షరాల్లో వేసిన శీర్షికలను గుర్తు చేసి ఎవర్నీ ఇబ్బంది పెట్టను.

అందుచేత నా విన్నపం ఒకటే. ప్రపంచ వసూళ్ల వార్త వేసినప్పుడు, అది గ్రాసా షేరా, ఏ తేదీ మారకం రేటు, ముఖ్యమైన దేశాల్లో హక్కులు ఎవరివి అన్న మూడు ముక్కలు ఒక వరుసలో వేయండి. వసూళ్లు లెక్కగట్టే ట్రాకింగ్ సంస్థ అంకెకు, నిర్మాత ప్రకటించిన అంకెకు తేడా ఉంటే రెండూ వేయండి. ఒప్పందాలు రహస్యం, ఎవరూ చెప్పరు అని మీ విలేకరులు అంటారేమో. ఎమ్‌జీ ఎంతో చెప్పరు, నిజమే. హక్కులు ఎవరివో తెలుసుకోవడానికి మాత్రం ఒప్పందం చూడనక్కర్లేదు. ఒకే సినిమాకు నాలుగు దేశాల పోస్టర్లు ఇంటర్నెట్‌లో తెరిచి అడుగు భాగం చూడండి. అన్నింటి మీదా ఒకే సంస్థ గుర్తు ఉంటే దాదాపుగా సొంత విడుదల. దేశానికో గుర్తు ఉంటే అమ్మేసినట్టు. ఆ తర్వాత ఆ దేశపు పంపిణీదారుకు ఫోన్ చేసి ‘కమీషన్ మీద తీసుకున్నారా, కొన్నారా’ అని అడిగితే, అంకె చెప్పకపోయినా ఈ ఒక్క ప్రశ్నకు చాలామంది జవాబిస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గాంధీనగర్, విజయవాడ.